గుంటూరు, ప్రకాశం మైదానాల మంద కుక్క

గొర్రెల మంద వెంట నడుస్తూ, రాత్రిళ్లు దాన్ని కాచే నాటు కుక్కే మంద కుక్క. పల్నాడు నల్లరేగడి చేలనుంచి ఒంగోలు మీదుగా నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు మెట్టల వరకు గొర్రెల పెంపకం ఉన్న ప్రతిచోటా ఇది కనిపిస్తుంది. ఉమ్మడి గుంటూరు జిల్లా 2022 ఏప్రిల్‌లో గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయింది. అదే సమయంలో ప్రకాశం హద్దులూ మారాయి. మందలకు మాత్రం ఈ నేలంతా ఇప్పటికీ ఒకే మేత ప్రాంతం. పత్తి, మిరప చేలు ఖాళీ అయ్యే నెలల్లో అవి ఒక ఊరి పొలిమేర నుంచి మరో ఊరి పొలిమేరకు మారుతుంటాయి. వాటితోపాటు కుక్కలూ కదులుతాయి.

కెన్నెల్ క్లబ్బుల లెక్కలో ఇది జాతి కాదు. దీనికి వంశావళి పుస్తకం లేదు, ప్రదర్శనల్లో తూచే కొలమానం లేదు. దేశీయ పశుజాతులను నమోదు చేసే కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై కుక్కలను, కర్ణాటకకు చెందిన ముధోల్ వేటకుక్కను గుర్తించింది. 2005లో తపాలా శాఖ వేసిన కుక్కల బిళ్లల్లో హిమాలయ గొర్రెల కుక్క, రాంపూర్, ముధోల్, రాజపాళయం ఉన్నాయి, తెలుగు నేల కుక్క ఒక్కటీ లేదు. అంతమాత్రాన మంద కుక్కకు లక్షణాలు లేవనుకోవడం పొరపాటు. గొర్రెల కాపరులు కాగితం రాయలేదుగానీ, ఏ కుక్కను ఉంచుకోవాలి, ఏ కుక్కను వదిలేయాలి అన్న ఎంపిక తరతరాలుగా చేస్తూనే వచ్చారు. ఆ ఎంపికకు గీటురాయి పని. రూపం సంగతి తర్వాత.

రూపం

మంద కుక్క భారతదేశమంతటా ఉన్న ఊరకుక్కల కోవలోదే. భుజం దగ్గర ఎత్తు సాధారణంగా 50 నుంచి 60 సెంటీమీటర్లు, బరువు 15 నుంచి 25 కిలోలు ఉంటుంది. మగది ఆడదానికంటే కాస్త ఎత్తు, బరువు ఎక్కువ. ఒళ్లు సన్నం, ఛాతీ లోతు, నడుము బిగువు. కాళ్లు పొడవు, తల కోలగా ఉంటుంది. చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి, కొన్నిటికి కొసలు మాత్రం వాలుతాయి. తోక పైకి మెలి తిరిగి ఉంటుంది. రంగు ఎక్కువగా ఎరుపు, లేత గోధుమ. నల్లవి, తెల్ల మచ్చలవి, పులిచారలవి కూడా ఉన్నాయి. కాపరులు చాలాసార్లు రంగును బట్టే పేరు పెట్టి పిలుస్తారు.

బొచ్చు పొట్టిగా, ఒంటికి అంటుకున్నట్టు ఉండడం ఈ ప్రాంతానికి చాలా అవసరమైన లక్షణం. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల పల్నాడులోనే ఉంది. మే నెలలో ఆ చుట్టుపక్కల మధ్యాహ్నం మంద తుమ్మ చెట్ల కింద చేరినప్పుడు కుక్క కాలితో మట్టి గోకి, పైపొర కింది చల్లదనానికి పొట్ట ఆనించి పడుకుంటుంది. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లదనపు మార్గం. అందుకే ఎండవేళ పరుగులు పెట్టని కుక్క ఇక్కడ బతుకుతుంది, పెట్టేది సొమ్మసిల్లుతుంది. వానాకాలంలో ఇబ్బంది వేరు. తడిసిన రేగడి వేళ్ల మధ్య ముద్దలుగా పట్టుకుని, ఆరాక గట్టిపడి చర్మాన్ని కోస్తుంది. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు మరో బాధ. సాయంత్రం మంద నిలిచాక కుక్కను ఒడిలోకి లాక్కుని, పాదం తిప్పి, వేళ్ల సందుల్లో ముళ్లు వెతికి తీసే కాపరిని ఈ పొలాల్లో చూడవచ్చు. ముల్లు లాగుతున్నంతసేపు కుక్క కిక్కురుమనకుండా, అతని చేతిని మాత్రం నోట్లో పట్టీపట్టనట్టు పట్టుకుని ఉంటుంది.

తోలేదా, కాచేదా

గొర్రెల కుక్క అనగానే చదువరికి సినిమాల్లో చూసిన బోర్డర్ కోలీ గుర్తుకు రావచ్చు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో పుట్టిన ఆ కుక్క కాపరి ఈల విని గొర్రెలను చుట్టుముట్టి, కళ్లతోనే బెదిరించి, కోరిన చోటికి తోలుకొస్తుంది. మంద కుక్క చేసే పని అది కాదు. ప్రపంచంలో గొర్రెలతో పనిచేసే కుక్కలు స్థూలంగా రెండు రకాలు: తోలేవి, కాచేవి. రెండింటి స్వభావాలకు పొంతన కుదరదు.

ఈ తేడాను అమెరికన్ పరిశోధకులు రేమండ్, లోర్నా కోపింజర్ దంపతులు బాగా వివరించారు. తోడేలు వేటలో ఒక వరుస ఉంది. వేటను గమనించడం, రెప్ప వేయకుండా చూడడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. తోలే కుక్కల్లో మనిషి ఈ వరుసలోని మొదటి మెట్లను పెంచి, చివరి మెట్లను అణచివేశాడు. కాచే కుక్కల్లో గొర్రెను చూస్తే ఈ వరుస మొదలే కాకూడదు. గొర్రె వాటికి తోటి ప్రాణి. హిమాలయాల్లో గద్దీ, బకర్వాల్ పశుపాలకుల కుక్కలు ఈ రెండో కోవకు చెందినవే. మంద కుక్క వాటికంటే చాలా చిన్నది, తేలికైనది. అయినా స్వభావంలో వాటి పక్కనే నిలుస్తుంది.

మూడో పద్ధతి కూడా ఒకటుంది. కంచెలు లేని జర్మనీ పొలాల్లో గొర్రెలు పక్క చేలో పడకుండా కుక్క గట్టు వెంబడి అటూ ఇటూ తిరుగుతూ కదిలే కంచెలా పనిచేసేది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ జర్మన్ షెపర్డ్ జాతిని స్థిరపరిచింది అలాంటి పనికుక్కలనుంచే. గుంటూరు మైదానాల్లోనూ చేలకు కంచెలు తక్కువ. కాబట్టి ఇక్కడా అలాంటి కుక్క తయారై ఉండాల్సింది కదా అనిపిస్తుంది. తయారుకాకపోవడానికి కారణం నేల తీరు, పంటల తీరులో దొరుకుతుంది.

డొంక, చేను, బందెలదొడ్డి

పత్తి జూన్, జూలైలలో పడుతుంది. మిరప నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతారు. జనవరి దాటాక కోతలు ముమ్మరమై, మార్చి, ఏప్రిల్ దాకా కాయ కల్లానికి చేరుతూనే ఉంటుంది. అంటే ఏడాదిలో ఎక్కువ భాగం రెండు పక్కలా పైరు నిలబడే ఉంటుంది. మందకు దారి ఆ చేల మధ్య డొంక ఒక్కటే. వంద గొర్రెలు ఆ ఇరుకు దారిన పోతున్నప్పుడు వెనకనుంచి కుక్క తరిమితే మొత్తం మంద పక్కనున్న మిరప చేలో పడుతుంది. ఆ తర్వాత రైతుతో తగాదా, పంచాయతీలో తప్పు, ఒక్కోసారి గొర్రెలు బందెలదొడ్డి పాలు. పరాయి పశువు పంట మేస్తే పట్టి కట్టేసే ఈ ఏర్పాటుకు 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ఆధారం. గొర్రెను ఉరికించే కుక్కను ఏ కాపరీ భరించలేడు.

అందుకే ఇక్కడ తోలే పని పూర్తిగా మనిషిది. ముందు ఒకరు, వెనక ఒకరు. చేతిలో కర్ర, భుజాన దోటి, నోట్లో నాలుక చప్పుళ్లు, అదిలింపులు. మందలో ముందుండి నడిచే పాత గొర్రెలకు దారి తెలుసు, మిగతావి వాటిని అనుసరిస్తాయి. కుక్క మంద చివర, కుంటుకుంటూ వచ్చే గొర్రెకూ కాపరికీ మధ్య నడుస్తుంది. పగలంతా చూసినవారికి ఇది పనీపాటా లేకుండా వెంట తిరిగే కుక్కలా కనబడుతుంది. దాని పని పొద్దుగూకాక మొదలవుతుంది.

పైరు తీసేశాక కథ మారుతుంది. చివరి తీత అయిన పత్తి చేలో ఆకు, పచ్చి కొమ్మలు మిగులుతాయి. రైతులు మందను పిలుస్తారు. గొర్రెలు పగలు మేసి, రాత్రి అదే చేలో పడుకుంటే వాటి పెంట, మూత్రం నేలకు బలం. రాత్రికి ఇంత అని డబ్బో ధాన్యమో ఇచ్చి మంద కట్టించుకోవడం ఈ ప్రాంతంలో పాత ఆచారం. రోజుకో మడి చొప్పున మందను జరుపుతూ చేనంతా తిప్పుతారు. అంటే కాపరి ఊరికి దూరంగా, గోడలేని చోట, తరచూ కొత్త స్థలంలో రాత్రి గడపాలి. చుట్టూ ఉండేది వల, లేదా నాలుగు ముళ్లకంపలు. మంద కుక్క స్వభావాన్ని తీర్చిదిద్దింది ఈ రాత్రులే.

స్వభావం

మంద నిలిచాక కుక్క ఆ చోటును ఒకసారి చుట్టి వస్తుంది, గట్ల మీద, మొలకల దగ్గర మూత్రం వదులుతుంది. తర్వాత గొర్రెల మధ్యన కాకుండా కాస్త ఎడంగా, గట్టుమీదో పత్తి కట్టె కుప్ప పక్కనో పడుకుంటుంది. రెండు మూడు కుక్కలుంటే తలా ఒక వైపు సర్దుకుంటాయి. ఎవరూ చూపించకుండానే ఇది జరుగుతుంది. ఊళ్లో ఇంటి కుక్క తన వీధిని కాస్తుంది, అక్కడినుంచి తీసుకెళ్తే బెదిరిపోతుంది. మంద కుక్కకు మందే ఇల్లు. మంద ఎక్కడ దిగితే అదే దాని హద్దు. నిన్న రాత్రి కాచిన చేను మీదుగా ఈరోజు ఎవరు నడిచినా దానికి పట్టదు. కొత్త హద్దును గంటలో తనదిగా చేసుకోగలగడమే ఈ కుక్క ముఖ్య గుణమని చెప్పాలి.

మొరగడం దాని ఆయుధం. నక్క, తోడేలు, పొలాల్లో గుంపుగా తిరిగే ఊరకుక్కలు, గొర్రెల దొంగలు, అడవి అంచు ఊళ్లలో చిరుతపులి కూడా మందకు శత్రువులే. ఇరవై కిలోల కుక్క తోడేలును గెలవలేదు, చిరుతకు అదే ఆహారం కావచ్చు. దాని ఉపయోగం మనిషిని లేపడంలో ఉంది. కాపరికి మొరుగుడులో తేడాలు తెలుసు. దారిన పోయే మనిషికి ఒక తీరు, దగ్గరకు వస్తున్న మనిషికి మరో తీరు. రేగడి నెర్రెల్లోనుంచి పాము బయటికి వస్తే ఒకేచోట ఎగిరి ఎగిరి మొరుగుతుంది. పెద్ద మృగం వాసన తగిలితే గొంతు తగ్గించి, గుర్రుమంటూ కాపరివైపు వెనక్కి జరుగుతుంది. అది పిరికితనం అనుకోకూడదు. ముందుకు దూకి చచ్చిపోయే కుక్క ఆ రాత్రి తర్వాత మందకు పనికిరాదు కనుక, ఇన్ని తరాల్లో మిగిలింది జాగ్రత్త తెలిసిన కుక్కే.

మనుషులపట్ల దీని వైఖరి పొద్దును బట్టి మారుతుంది. పగలు డొంకలో ఎదురైనవారిని పక్కకు తప్పుకుని పోనిస్తుంది. రాత్రి అదే మనిషి వల దగ్గరకు వస్తే ఒప్పుకోదు. కాపరి కేక వేసి పేరు పెట్టి అదలిస్తే మొరగడం ఆపుతుంది, కనిపెట్టడం ఆపదు. విధేయత విషయంలో మాత్రం కోలీతో పోల్చి చూడడం అన్యాయం. ఈల వేస్తే వచ్చి కూర్చునే కుక్క కాదిది. ఉస్కో అంటే కదులుతుంది, పిలిస్తే వస్తుంది, అంతకుమించి ఆదేశాలు దానికి నేర్పరు. కాపరి నిద్రలో ఉన్నప్పుడు తనంతట తాను నిర్ణయించుకోవాల్సిన కుక్కకు అడుగడుగునా ఆజ్ఞకోసం చూసే గుణం అడ్డే అవుతుంది.

గొర్రెలతో దాని సహనం గమనించదగ్గది. పాలు తాగే పిల్లలు ఒంటిమీదికెక్కినా లేచి పక్కకు పోతుందే తప్ప పళ్లు చూపదు. ఈనిన గొర్రె మాయను తినడానికి మాత్రం కాచుకుని ఉంటుంది, కాపరులు దాన్ని తప్పు పట్టరు. ఒకే ఒక్క తప్పుకు క్షమాపణ లేదు. గొర్రెపిల్లను కొరికి రక్తం మరిగిన కుక్కను ఆ రోజే మందనుంచి తరిమేస్తారు. చాలా పాత, చాలా కఠినమైన ఈ ఒక్క నియమమే ఏ పుస్తకమూ లేకుండా మంద కుక్క నెమ్మదితనాన్ని నిలిపింది.

పెంపకం

మన ఊరకుక్కలు ఎక్కువగా ఏడాదికి ఒకసారి, వానలు వెనకబట్టే కాలంలో ఎదకు వచ్చి, సుమారు 63 రోజులు మోసి, చలికాలంలో ఈనుతాయి. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. పిల్లల చావులు చాలా ఎక్కువ. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థవారు పశ్చిమ బెంగాల్‌లో వీధికుక్కల 364 పిల్లలను గమనించి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం ఈనే వయసుదాకా బతికినవి 19 శాతమే. మందలో పుట్టిన పిల్లకు తిండి, కాపలా కాస్త మెరుగు. బండి చక్రాల భయమూ తక్కువ.

కాపరి పిల్లను కళ్లు తెరిచి, తిండి తినడం మొదలుపెట్టాక మందలోకి తెస్తాడు. ఇందులో లోతైన లెక్క ఉంది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఎవరి మధ్య పెరిగితే వారినే తనవారిగా గుర్తించే గుణం ఉంటుందని అమెరికాలో స్కాట్, ఫుల్లర్ 1965లో వెలువరించిన పరిశోధన చూపింది. కాపరులు ఆ పుస్తకం చదవలేదు. గొర్రెపిల్లలను కమ్మే తడికె కిందే కుక్కపిల్లనూ కమ్మి, అదే ఫలితం సాధిస్తున్నారు. ఆ తర్వాత నేర్పేది పెద్ద కుక్క. రాత్రి అది మొరిగితే పిల్ల మొరుగుతుంది, అది ఊరుకుంటే ఊరుకుంటుంది. పిల్ల ఏడాది తిరిగేసరికి పనిలో పడుతుంది.

తిండి కాపరి తినేదే. ఒకప్పుడు జొన్న సంకటి, అంబలి, ఇప్పుడు అన్నం, మజ్జిగ, మిగిలిన పప్పు. పల్నాటి జొన్నకూడు కవి శ్రీనాథుడికి రుచించకపోయినా అక్కడి కుక్కలకు సరిపోయింది. దీనికి జన్యు కారణం తెలిసింది. పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. మాంసం వండుకోని రోజుల్లో కూడా కుక్క మనిషి పక్కన బతకగలిగింది అందుకే.

చుట్టుపక్కల బంధువులు

నిజంగా తోలే పని చేసిన తెలుగు కుక్క తీరం వైపు ఉంది. దాని పేరు జోనంగి. కొల్లేరు చుట్టూ, కృష్ణా, గోదావరి డెల్టా పల్లెల్లో ఇది బాతుల మందలను మడుల్లోకి, మడుల్లోనుంచి ఇంటికి తోలేది. చాలా పొట్టి బొచ్చు, నొసట ముడతలు, పొడవాటి కాళ్లు, నేలను గోతిలా తవ్వి పడుకునే అలవాటు దీని గుర్తులు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుందని చెబుతారు. ఒక్క మనిషికే అలవాటు పడుతుందన్న పేరూ ఉంది. బాతును కొరకకుండా తరిమే ఈ కుక్క కోపింజర్లు చెప్పిన తోలే స్వభావానికి దగ్గరిది. వరి పొలాలు చేపల, రొయ్యల చెరువులుగా మారాక బాతుల మందలు తగ్గి, జోనంగికి పని పోయింది. నిఖార్సైనవి ఇప్పుడు అరుదు. పడమట నల్లమలలో చెంచుల కుక్కలు వేటకు, అడవి దారుల్లో తోడుకు పెరిగినవి. రూపంలో మంద కుక్కకు తోబుట్టువులే అయినా పని వేరు.

మంద జీవితం ఈ నేలకు ఎంత పాతదో కాటమరాజు కథల చక్రం చెబుతుంది. కరవుకు పశువులను తోలుకుని దక్షిణానికి వెళ్లిన యాదవ వీరుడికీ, నెల్లూరు నల్లసిద్ధికీ మేత హక్కుల మీద పుట్టిన యుద్ధమే ఆ కథలకు మూలం. మేత హక్కుల పోరు అక్కడితో ఆగలేదు. 1921-22లో పల్నాడులో అడవి మేతకు ప్రభుత్వం వేసిన పుల్లరిని ఎదిరించి, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. ఇటువైపు మందల్లో ఎక్కువగా కనిపించేవి నెల్లూరు గొర్రెలు. పల్ల, జోడిపి, దొర అని వాటిలో రకాలు. మాచర్ల గొర్రె పల్నాడు సొంతం. గొర్రె జాతులకు ఊరి పేరు, వర్ణన, గుర్తింపు దక్కాయి. వాటిని కాచిన కుక్కకు ఇవేవీ దక్కలేదు.

జబ్బులు

మంద కుక్క ఆరోగ్యం మంద ఆరోగ్యంతో ముడిపడింది. అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు బద్దెపురుగులు. ఒకదాని గుడ్లు కుక్క మలంతో గడ్డిమీద పడి గొర్రె కడుపులోకి వెళ్లి, మెదడులో నీటితిత్తిగా ఎదుగుతాయి. ఆ గొర్రె తల ఒక పక్కకు వాల్చి, ఒకే వైపు గిరగిరా తిరిగి పడిపోతుంది. చచ్చిన గొర్రె తలను కుక్కకు వేస్తే పురుగు మళ్లీ కుక్కలోకి చేరి, చక్రం పూర్తవుతుంది. రెండోది ఇంకా ప్రమాదకరం. దాని తిత్తులు గొర్రె కాలేయం, ఊపిరితిత్తుల్లో పెరుగుతాయి. కుక్కను నిమిరిన చేతితో అన్నం తిన్న మనిషి కాలేయంలోనూ పెరిగి, శస్త్రచికిత్స దాకా తెస్తాయి. కోసిన గొర్రె తల, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివి కుక్కకు వేయకపోవడం, ప్రాజిక్వాంటెల్ మందు క్రమం తప్పకుండా మింగించడం, ఈ రెండూ చేస్తే కాపరి కుటుంబం, మంద, కుక్క మూడూ బయటపడతాయి. ఈ ఒక్క సంగతి ప్రతి గొర్రెల కాపరికీ తెలియాలి.

రేబిస్ టీకా ఏటా వేయించాలి. నక్కలతోనూ, ఊరకుక్కలతోనూ కొట్లాడే కుక్కకు ఇది తప్పనిసరి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు, పిల్లల్లో డిస్టెంపర్, పార్వో కూడా తరచుగా ప్రాణం తీస్తాయి. పత్తి, మిరప చేలల్లో మరో ముప్పు పురుగుమందు. మందు కొట్టిన చేలో నిలిచిన నీళ్లు, గట్టున పడేసిన డబ్బాలు కుక్కకు, గొర్రెకు సమానంగా ప్రమాదం.

నేటి స్థితి

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక కుడి కాలువ కింద పల్నాడు, ప్రకాశం మెట్టల్లో బీడు తగ్గింది. బోర్లు, డ్రిప్పు వచ్చాక మిరప ఇంకా ఎక్కువ కాలం చేలో నిలుస్తోంది. మందకు ఖాళీ చేలు దొరికే నెలలు కుదించుకుపోయాయి. కాపరుల పిల్లలు చదువులకు, ఇతర పనులకు వెళ్తున్నారు. కొందరు గొర్రెలను కొట్టంలో కట్టి మేపుతున్నారు. కొట్టానికి కావలసింది గేటు దగ్గర కట్టేసే కుక్క, మంద వెంట నడిచేది కాదు. పెద్దగా, భయపెట్టేట్టు కనిపించాలని ఊళ్లలో జర్మన్ షెపర్డ్ రక్తం కలిసిన పిల్లలను తేవడమూ పెరిగింది. దట్టమైన బొచ్చు రెంటచింతల ఎండకు ఆగదు. తరిమే గుణం మందకు పనికిరాదు.

2023 మార్చిలో వచ్చిన జంతు సంతానోత్పత్తి నియంత్రణ నియమాలు కుక్కలను పెంపుడువి, వీధివి అని రెండుగా విడదీశాయి. వీధి కుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, టీకా స్థానిక సంస్థల బాధ్యత. పెంపుడు కుక్కకు పురుగుల మందు, టీకా, శస్త్రచికిత్స యజమాని బాధ్యత. మంద కుక్క పెంపుడు వర్గంలోకి వస్తుంది. కానీ మెడకు పట్టీ లేకుండా పొలాల్లో తిరిగే దాన్ని చూసినవారు వీధి కుక్కగానే లెక్కగడతారు. ఊళ్లోకి మందతో వచ్చిన మంచి ఆడకుక్కకు ఒకసారి శస్త్రచికిత్స జరిగితే ఆ వరుస అక్కడితో ఆగిపోతుంది. గొర్రెలకు చెవి పోగులు, బీమా ఉన్నట్టు మంద కుక్కకూ మెడ పట్టీ, టీకా కార్డు, యజమాని పేరుతో నమోదు ఉంటే ఈ ఇబ్బంది తప్పుతుంది. పశువుల ఆసుపత్రి ఉన్న ప్రతి మండలంలోనూ గొర్రెలకు మందు పోసే రోజునే ఈ పని చేయవచ్చు.